రెండు బిందెలు, ఒక చెంబు

“సేటూ, రెండు బిందెలు, ఒక చెంబు బెల్లం జోకు.”

నాచారంలో కిరాణా కొట్టు నడిపే ఉమాపతి తలెత్తి చూశాడు.

సంకన స్టీలు బిందెతో ఒక ముసలామె. పేరు సాలమ్మ. పీర్జాదిగూడలో కట్టే ఇళ్లకు నీళ్లు మోస్తుందట.

“బెల్లం కిలోల లెక్క అవ్వా. బిందెల లెక్క నీళ్లకు.”

“ఆ కిలోలేందో నువ్వే కట్టు. మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం మొక్కిన. ఒక్క గడ్డ తక్కువైనా మొక్కు తీరదు. మూల మీద లారీ ఆగింది, జర జల్ది.”

ఆ తల్లులకు బెల్లమే బంగారం. మనిషి ఎంత బరువుంటే అంత.

“మరి మనిషిని తోలుకరాకపోయినవ్? కాంటా మీద కూసోబెడితే అయిపోవు.”

“ఆ పిల్ల యాడుందో నాకెర్క లేదు. పేరు గూడ తెల్వది.”

“పేరు తెల్వని పిల్లకు మొక్కా! తల్లులు గూడ పరేషానయితరు.”

“తోవల దొరికింది సేటు. పానం మీదికొచ్చి ఉండె. ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. నెత్తిన బిందె, సంకన బిందె, చేతిల చెంబు... గంత బరువున్నది.”

లోపల ఉమాపతి భార్య రాజ్యం దీపం ముట్టిస్తూ రోజూ పెట్టే శాపమే పెట్టింది. “దాని చేతులు పడిపోను!”

సాలమ్మ ఉలిక్కిపడింది. “ఎవరిని?”

“ఉన్నదిలే ఒకతి,” అన్నాడు ఉమాపతి.

“పాపం, ఎంత కడుపు మండితే గట్ల అంటది!”

ఉమాపతి లీటరు సీసాతో బిందె నింపాడు. పదిహేను సీసాలు పట్టాయి.

“లీటరు నీళ్లు కిలో. రెండు బిందెలు ముప్పై, చెంబు ఒకటి. ముప్పై ఒకటి.”

“బిందె ఏది?”

“ఏ బిందె?”

“ఉత్త నీళ్లు ఎవలు మోస్తరు సేటు? బిందెతోటే గదా నా నడుము మోసేది. గది గూడ జోకు.”

నిండు బిందెను కాంటా మీదికి ఎక్కించాడు. పదహారున్నర. రెండింటికి ముప్పై మూడు. చెంబుతో ముప్పై నాలుగు పైచిలుకు.

ఉమాపతి చేయి అక్కడే ఆగిపోయింది.

ప్రతి ఆదివారం ఇదే కాంటా మీద కాళ్లూపుతూ కూర్చునేది కూతురు సిరి. చివరిసారి ముల్లు ముప్పై నాలుగు దాటి నిలిచింది. తర్వాతి ఆదివారానికి సిరి లేదు.

“ఆ పిల్ల... యాడ దొరికింది అవ్వా?”

“ఉప్పల్ రోడ్డు మీద. లారీ గుద్ది ఆగకుండ పోయింది. దవాఖాన గేటు కాడ లోపలోళ్ల చేతుల పెట్టిన. పోలీసులొస్తరంటే బుగులై ఎల్లిపోయిన. రెండేండ్లాయె. కండ్లు తెరిచి నీళ్లడిగింది. నీళ్లడిగిందంటే బతికినట్టే గదా సేటు?”

మూల మీద లారీ హారన్ కొట్టింది.

“బతికింది అవ్వా,” అన్నాడు ఉమాపతి.

ఒక గడ్డ ఎక్కువే వేసి మూట కట్టాడు. సాలమ్మ రెండు చేతులా నెత్తికెత్తుకుని, ఖాళీ బిందె సంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

లారీ చప్పుడు వినబడకుండా పోయింది.

“ఎవరయ్యా వచ్చింది?” లోపలి నుంచి రాజ్యం అడిగింది.

“రేపటిసంది ఆ శాపం పెట్టకు రాజ్యం. మన సిరిని బండితోటి గుద్ది, దవాఖాన గేటు కాడ పడేసి ఉరికిందనుకున్నం జూడు... ఆమె గుద్దిన మనిషి కాదు, మోసుకొచ్చిన మనిషి.”