నారింజ వాసన

"కదలకు, పిన్నీ!" జీపు పక్క నుంచి అన్నాడు గైడు మటేయో.

లువాంగ్వా నది ఒడ్డున సఫారీ శిబిరం. వంటమనిషి ఎస్నాతి బొమ్మలా నిలబడిపోయింది. గుడ్డతో వీపుకి కట్టుకున్న మనవరాలు నిద్రపోతోంది. వెనక నుంచి ఏనుగు ఊపిరి వేడిగా మెడకు తగులుతోంది.

"గుడారాల్లో పండ్లు మిగిలాయా?"

"ఒక్కటీ లేదురా. వాసనకి ఏనుగులు వస్తాయని పొద్దున్నే టూరిస్టుల సంచులన్నీ వెతికి, నారింజలన్నీ లారీలో పెట్టి తాళం వేశాను."

"మరి లారీని వదిలేసి నీ మీదకొచ్చిందేం?"

తొండం పసిదాని వీపు తడిమింది. గుడ్డ పట్టి లాగింది.

"ఆ పండ్లు దేంట్లో మోసుకెళ్లావు, పిన్నీ?"

ఎస్నాతికి అప్పుడు తట్టింది. "ఈ గుడ్డలోనే."

"ముడి విప్పెయ్. మెల్లగా."

ఆమె నడుం వంచి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి పిల్లను పట్టుకుని, రెండో చేత్తో గుండెల మీది ముడి విప్పింది. జారిన గుడ్డను ఏనుగు నోట్లో కుక్కుకుని నములుతూ రెండడుగులు వెనక్కి వేసింది.

ఎస్నాతి పిల్లను ముందుకు తిప్పి గుండెకు అదుముకుంది. పిల్ల ఒళ్లంతా నారింజ వాసన.

"నీళ్లు, మటేయో," అంది పిల్ల బట్టలు విప్పేస్తూ. "తొందరగా నీళ్లు తేరా!"