డెబ్బైకి అరవై

“డెబ్బైకి అరవై మార్కులే! మిగతా పది ఏవిరా?”

రేపల్లెలో చర్చి వీధి మలుపు. తారు కలిపిన వేడి కంకరతో వచ్చిన లారీకి అడ్డంగా మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారు రిటైర్డ్ హెడ్మాస్టరు బర్నబాస్. చేతిలో తారు తాలూకు సర్టిఫికెట్. అందులో గ్రేడు దగ్గర 60/70 అని ఉంది.

కాంట్రాక్టరు చిట్టిబాబుకు చెమటలు పట్టాయి. ఆ తారు గల్ఫ్‌లో ఓడెక్కి మంగళూరులో దిగడమే నెల ఆలస్యం. బాపట్ల దగ్గర ప్లాంటులో కంకరతో కలిపించి, కర్లపాలెం మీదుగా ఇప్పుడే తెచ్చాడు. చల్లారితే లోడంతా పారబోయడమే.

“అవి మార్కులు కాదు మాస్టారూ, గ్రేడండి!”

“పదో తరగతిలోనూ ఇలాగే అన్నావు. నాకొచ్చింది సున్నా కాదండి, సిరా మరకండి అని.”

కూలీలు కిసుక్కున నవ్వారు. చిట్టిబాబు కూడా నవ్వలేక నవ్వాడు. ఆ కుర్చీని పక్కకు జరిపే ధైర్యం ఆయన దగ్గర, ఆయన భార్య టీచరమ్మ దగ్గర చదివినవాళ్లెవరికీ లేదు.

“తారులోకి సూది దింపుతారండి. ఎంత లోతు దిగితే అంత మెత్తన. ఆ లెక్క అరవైకీ డెబ్బైకీ మధ్య ఉండాలండి.”

“ఎవరు దింపారు? గల్ఫ్‌లోనా, మంగళూరులోనా?”

“రెండుచోట్లానండి.”

“మరి సంతకం ఒకటే ఉందే?”

ఇలా అరగంట గడిచింది. లారీ మీద పొగ పలచబడింది.

“ఇంతకీ సూదిని ఎంతసేపు దిగనిస్తారు?”

“గుర్తులేదండి...”

“ఐదు సెకన్లు. పాతిక డిగ్రీల వేడి దగ్గర. నిన్ననే చదివాను.”

చిట్టిబాబు నోరు తెరిచాడు. “అంతా తెలిసే ఆపారాండీ?”

అంతలో మలుపు అవతల నుంచి ప్లంబర్ పౌలు మట్టిచేతులతో పరుగెత్తుకొచ్చాడు. “మాస్టారూ, పైపు రోడ్డు దాటింది! కంకర కప్పేశాం!”

బర్నబాస్ లేచారు. “ఆ చోట రోలరు ఇంకోసారి తొక్కించరా.”

“నాకో మాట చెప్పొచ్చుగదండీ!”

“చెబితే అర్జీ పెట్టమంటావు. మున్సిపాలిటీలో పెట్టి రెండు నెలలైంది. నీ తారు సముద్రం దాటొచ్చింది, నా పైపు పన్నెండడుగుల రోడ్డు దాటలేకపోయింది. నువ్వు తారు పరిచాక ఇంక తవ్వనిస్తారా?”

“అసలు అటు పైపెందుకండి? సమాధుల తోట తప్ప ఒక్క ఇల్లు కూడా లేదే!”

బర్నబాస్ కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నారు.

“మీ టీచరమ్మ ఉందిగా. మొక్కలకి నీళ్లు పోయకపోతే ఊరుకోదురా.”