బండి ఎక్కడుంది?

"ఒరే, ఆ పెట్టె వదిలి నా చెయ్యి పట్టుకోరా" అన్నాడు తండ్రి. చివరి మాట ఊపిరిలోనే ఆగిపోయింది.

"ఒక్క నిమిషం నాన్నా. బండి ఎక్కడుందో చూస్తున్నా."

మంచం పక్కన నేలమీదే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు కొడుకు. అంబులెన్సు ఆఫీసు లైన్లు కలవకపోతే, అక్కడే పనిచేసే అక్కకి మెసేజ్ పెట్టి, బండిని వెబ్‌సైట్‌లోనే పిలిచాడు. 'బండి బయల్దేరింది' అని కనిపించింది. ఆ తర్వాత పేజీని ఎన్నిసార్లు తెరిచినా అదే మాట. తండ్రి గుండెమీద నుంచి చెయ్యి తీయడం లేదు. చెమటకు దిండు తడిసిపోయింది.

అటు పేజీని చూడాలా, ఇటు తండ్రిని చూడాలా? మనిషికి బదులు ప్రోగ్రామే వెబ్ పేజీని అడిగి తెచ్చేందుకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రిక్వెస్ట్స్ అని ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది. అది ఉంటే బండి వీధి మలుపు తిరగ్గానే గంట మోగేలా చేయొచ్చు. తను తండ్రి దగ్గర కూర్చోవచ్చు.

ఇన్‌స్టాల్ చేయబోతే తొందరలో పేరులో ఓ అక్షరం జారిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. మళ్ళీ కొట్టాడు. ఎంత దిగిందో చూపే గీత తెరమీద మెల్లగా నిండుతుండగా వెనక మూలుగు ఆగిపోయింది. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా!"

"ఉన్నాన్లే. నన్ను తీసుకెళ్ళే బండి ఇంకా రాలేదుగా" అని నవ్వబోయి దగ్గాడు తండ్రి.

లైబ్రరీ దిగింది. పేజీని కాసేపటికోసారి అడిగే ప్రోగ్రాం గబగబా రాసి నడిపాడు. కాసేపు జవాబులు వచ్చాయి. తర్వాత ఆలస్యం మొదలైంది. అడగడానికీ అడగడానికీ మధ్య పెట్టిన విరామం తీసేశాడు. అయినా కబురు లేదు. అదే ప్రోగ్రాంను ఇంకో విండోలో, మరో విండోలో, తెర పట్టినన్ని విండోల్లో నడిపాడు. ఒకటి కాకపోతే ఒకటైనా జవాబు తేకపోతుందా అని ఆశ. అప్పుడు తండ్రి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మంచుముక్కలా ఉంది.

గంట మోగలేదు. ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి అక్క.

"నాన్నకెలా ఉందిరా?"

"ఊపిరి అందడం లేదక్కా. బండేది?"

"ఎవడో మా సర్వర్ మీద పడ్డాడు. వదలకుండా అడిగిందే అడుగుతున్నాడు. మ్యాపులన్నీ ఆగిపోయాయి. మన బండి డ్రైవరు దారి తెలీక వంతెన దగ్గరే తిరుగుతున్నాడు."

"మనుషుల ప్రాణాలతో ఆటలా? ఎవడక్కా వాడు?"

"వెతుకుతున్నారు, ఉండు."

అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. "దొరికాడు! వాణ్ణి ఆపేశాం!" అని ఎవరో అరిచారు.

"మ్యాపు వచ్చిందిరా!" అంది అక్క. "బండి కదిలింది. నాన్నకి చెప్పు."

ఫోన్ చెవికి ఆనించుకునే వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. చూస్తుండగానే సైరన్ వినిపించింది. తెల్లబట్టల వాళ్ళు పరుగున లోపలికొచ్చి తండ్రి ముక్కుకు ఆక్సిజన్ తగిలించారు. ఆయన ఛాతీ మెల్లగా లేచి దిగింది. కొడుక్కి భయమంతా కోపమై పొంగింది.

"వాణ్ణి మాత్రం వదలకండక్కా."

అక్క పక్కనెవరినో అడిగి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది.

"ఇందాక బండిని పిలిచింది కూడా వాడేనట, అదే కంప్యూటర్ నుంచి. అందుకే ఇల్లు దొరికింది."

"ఎవరిల్లు?"

"మనదేరా."