ఒకేసారి బయటికొస్తే

“మళ్ళీ వచ్చిందండీ మీ బెంచీ పెద్దమ్మ,” అన్నాడు వాచ్‌మన్ నవ్వుతూ.

ల్యాబ్ మేడమ్ తల పట్టుకుంది. వారం రోజులుగా ఇదే వరస.

మేడమ్ ఇచ్చిన రిపోర్టుతోనే, మొగుడికి విషం పెట్టిందని ఒక అమ్మాయి జైలుకెళ్ళింది. ఆ అమ్మాయి కోసమే ఈ ముసలావిడ, ఒళ్ళో గొడుగు పెట్టుకుని, గేటు పక్క బెంచీ మీద.

“ఇంకొక్కసారి చూడు తల్లీ. నా పిల్ల అలాంటిది కాదు.”

“ఏ తల్లయినా అదే అంటుంది పెద్దమ్మా. మెషీన్ అబద్ధం చెప్పదు.”

“దానికెలా తెలుస్తుందమ్మా?”

వదిలించుకుందామని గబగబా చెప్పేసింది మేడమ్. “రక్తంలో ఉన్నవాటిని ఆవిరి చేసి సన్నటి గొట్టంలోకి పంపుతాం. ఒక్కోటీ ఒక్కో టైముకి బయటికొస్తుంది. వచ్చినదాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని బట్టి అదేంటో పోల్చుకుంటాం.”

“మరి రెండు ఒకేసారి బయటికొస్తే?”

మేడమ్‌కి చిర్రెత్తింది.

“మీ పిల్ల గోలేగానీ, పోయినవాణ్ణి కన్నతల్లి సంగతి ఎప్పుడైనా ఆలోచించారా?”

ముసలావిడ గొడుగు పిడి నిమిరింది.

“అదే ఆలోచిస్తున్నానమ్మా.”

ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం పంట్లో ఇరుక్కున్న పీచులా మేడమ్‌ని వదల్లేదు. అయినా బల్ల నిండా శాంపిళ్ళు. రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు గడిచాయి.

చివరికి దాచి ఉంచిన చనిపోయినతని రక్తాన్ని, గొట్టాన్ని బాగా నెమ్మదిగా వేడిచేస్తూ మళ్ళీ పరీక్షించింది.

తెరమీద అప్పుడు ఒకే గుట్టలా లేచిన గీత, ఇప్పుడు రెండుగా విడిపోయింది. ఒకటి అతను రోజూ వేసుకునే మాత్ర. రెండోది ప్రాణం పోయాక ఒంట్లో పుట్టేది. రెండింటి ముక్కలూ కలిసిపోయి విషంలా కనబడ్డాయి.

విషం లేనే లేదు.

మేడమ్ గేటు దాకా పరుగెత్తింది. బెంచీ ఖాళీ.

“పది రోజులైందండీ రాక. ఒంట్లో బాగోలేదట,” అన్నాడు వాచ్‌మన్.

కొత్త రిపోర్టు వెళ్ళిన నెలకి ఒక అమ్మాయి వచ్చింది. ఎముకల గూడులా ఉంది. చేతిలో ఆ గొడుగే.

“అమ్మ ఎలా ఉన్నారమ్మా? నేను ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి.”

“పోయిందండీ. నేను బయటికి రావడానికి నాలుగు రోజుల ముందు.”

“అయ్యో! కన్నతల్లి ఆఖరి చూపైనా దక్కకుండా చేశాను...”

“మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ,” అంది ఆ అమ్మాయి, గొడుగుని గుండెకి హత్తుకుని. “ఇక్కడ కూర్చున్నది మా అత్తగారు. మీరు పరీక్ష చేసింది ఆవిడ కన్నకొడుకు రక్తాన్నే.”