పేము కుర్చీ సాక్ష్యం

శ్రీపతి అంత తీయగా మాట్లాడి అంత నున్నగా ముంచేవాడు నాంపల్లి నుంచి ఖైరతాబాద్ దాకా మరొకడు లేడని గట్టయ్య కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. హిమాయత్‌నగర్‌లో మూడు వందల అరవై గజాల జాగా తనకు అమ్మి, పైకం తీసుకుని, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి, తీరా ధర పెరిగాక "ఆ సంతకం నాది కాదు" అన్నవాణ్ని ఇంకేమనాలి?

ఈ సంగతి ఒక్క పెళ్లాం పూలమ్మకే చెప్పలేదు. ఆమెకు చెప్పకుండా కొన్న జాగా అది. పోయిందంటే ఆమె నోటికి జవాబు చెప్పే ధైర్యం గట్టయ్యకు లేదు.

వ్యవహారం కోర్టుకెక్కింది. ఇంకో రెండు వారాలకు వచ్చే సోమవారం ఆ స్టాంపు కాగితం దాఖలు చేయాలి. దానికి తోడు, శ్రీపతి ఒప్పుకుంటుండగా విన్నవాళ్లు ఇద్దరు దొరికితే ఇక తిరుగులేదన్నాడు వకీలు. అప్పుడే గట్టయ్యకు ఉపాయం తట్టింది.

ఆబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం కొందరు కూడి కథలు రాయడం నేర్చుకునేవారు. నేర్పేది బాలకిషన్ అనే లెక్చరర్. మనస్తత్వశాస్త్రం చదివినవాడు కనుక ఆయన పద్ధతే వేరు. కథ రాసే ముందు పాత్రను గది మధ్యలో పేము కుర్చీలో కూర్చోబెట్టాలి. కూర్చున్నవాడు తన పేరు మరిచి, పాత్రగా మాట్లాడాలి. చుట్టూ ఉన్నవాళ్లు ఏమడిగినా తడుముకోకుండా జవాబు చెప్పాలి. ఆలోచిస్తే వచ్చేది అబద్ధం, చటుక్కున వచ్చేదే మనసులోని మాట అని ఆయన నమ్మకం. శ్రీపతి అక్కడ పాత సభ్యుడు. ఒక్క కథా పూర్తిచేయలేదు గానీ, కుర్చీలో కూర్చోవడమంటే అతనికి మహా సరదా.

నాంపల్లి స్టేషన్ దగ్గర సైకిళ్లు బాగుచేసుకునే గట్టయ్య, నాలుగో జమాత్‌లో చదువు మానినవాడు, తానూ కథ రాస్తానని వెళ్లి చేరాడు. ఒక దళారీ ఒక అమాయకుణ్ని జాగా అమ్మి ముంచడం అతని కథ. దళారీగా శ్రీపతే కూర్చోవాలని పట్టుబట్టాడు. అమాయకుడు తానే. అమాయకుడి పెళ్లాంగా ప్రభావతి అనే టీచరమ్మ ముందుకొచ్చింది. అలాంటి మనిషిని దగ్గర నుంచి చూడందే పాత్ర కుదరదని ఆమె గట్టయ్య ఇంటికే వెళ్లి పూలమ్మ పక్కన రెండు పూటలు కూర్చుంది. చదువుకున్న పిల్ల తన వంటింట్లో పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పూలమ్మ మురిసిపోయింది.

ఆ సోమవారానికి ముందటి ఆదివారం వచ్చింది. ముందు శ్రీపతి కుర్చీ ఎక్కాడు.

"జాగ అమ్మినవా, లేదా?" అని అడిగాడు గట్టయ్య.

"అమ్మిన," అన్నాడు శ్రీపతి కాలు మీద కాలు వేసుకుని. "పైసలు తీసుకున్న. దస్కతు గూడ నాదే. ఇప్పుడు ధర పెరిగింది, నాది కాదంటున్న. ఏం జేస్తవ్?"

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఇద్దరు చాలన్న చోట గదినిండా సాక్షులు. గట్టయ్యకు కడుపు నిండిపోయింది.

ఆ సంతోషంలోనే తన వంతు రాగానే కుర్చీలో ఒళ్లు వదిలేసి కూర్చున్నాడు. ప్రభావతి కొంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడింది. తల ఎగరేయడం, మూతి తిప్పడం, మాట విసరడం అంతా పూలమ్మే.

"ఏందయ్యా, నాకు దెల్వకుంట జాగ కొన్నవ్, సరే. ఆ కాగితమన్న ఉన్నదా, అదీ పోగొట్టినవా? ఇల్లంత దేవులాడిన, యాడ కనబడ్తలేదు."

పెళ్లయిన నాటి నుంచి వింటున్న ఎత్తిపొడుపు. గట్టయ్య నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ కండ్లకేమైందే? బియ్యం డబ్బల అడుగున పెట్టిన. నీకు జెప్తే వాడకంత జెప్తవని జెప్పలె."

గది దద్దరిల్లింది. ఇంత సహజంగా ఆ కుర్చీలో ఎవరూ మాట్లాడలేదని బాలకిషన్ భుజం తట్టాడు. ప్రభావతి గట్టయ్యకు నమస్కారం పెట్టి, ఇంట్లో పనుందని వెళ్లిపోయింది. చప్పట్లు ఆగాక గానీ గట్టయ్యకు తానేమన్నాడో తెలిసిరాలేదు. గభాలున శ్రీపతి వంక చూశాడు. శ్రీపతి నవ్వుతున్నాడు.

ఫికర్ లేదనుకున్నాడు గట్టయ్య. వీణ్ని కళ్ల ముందు నుంచి కదలనివ్వకపోతే సరి.

శ్రీపతి చెయ్యి పట్టుకుని కింద వీధిలోని ఇరానీ హోటల్‌కు లాక్కెళ్లాడు. చాయ్ మీద చాయ్ చెప్పాడు. బిస్కెట్లు తెప్పించాడు. శ్రీపతికీ తొందరేమీ ఉన్నట్టు లేదు. ప్రతి కప్పూ సాసర్‌లో వంచుకుని ఊదుకుంటూ తాగాడు.

"ఇయ్యాల మస్తు జేసినవ్ గట్టన్నా," అన్నాడు. "నా వేషం నీ ముంగట ఏం పనికొస్తది?"

పొద్దుగూకుతుండగా గట్టయ్య అతన్ని ఖైరతాబాద్ బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

పూలమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆ ప్రభావతి ఎంత మంచి పిల్లయ్యా. ఇందాక మల్ల వచ్చి, పురుగు వట్టిందని మన బియ్యం డబ్బ మొత్తం వంచి, చెరిగి, మల్ల పోసిపోయింది. ఎవరింటి దానివి బిడ్డా అంటే ఇయ్యాల జెప్పింది, ఖైరతాబాద్‌ల ఎవరో శ్రీపతంట, ఆయన తమ్ముని పెండ్లామంట. హిమాయత్‌నగర్‌ల వాళ్లకు మూడు వందల అరవై గజాల జాగ ఉన్నదంట, ఇల్లు గడ్తున్నరంట, గృహప్రవేశానికి మనిద్దరం తప్పకుంట రావాల్నంట."