పదిహేడో నంబరు

"వర్షం పడుతోందా అక్కా?" హెడ్‌ఫోన్లో జట్టులోని చిన్నమ్మాయి మూడోసారి అడిగింది.

పదిహేడో నంబరు పలకలేదు.

ఆన్‌లైన్ ఆటలాడేవాళ్లు తమలో తాము ఏం మాట్లాడుకుంటారన్నది మా పరిశోధన. విని రాసుకుంటాం, మధ్యలో మాట్లాడం. ఆటగాళ్లు మాకు నంబర్లే; వాళ్ల పేర్లు, చిరునామాలు ప్రొఫెసర్ గారి బీరువాలో ఉంటాయి.

"సార్, బీరువా తియ్యండి."

"ఎందుకమ్మా? పేర్లు చూడబోమని సంతకం పెట్టిచ్చాం కదా."

"పదిహేడో నంబరు 'వర్షం పడుతోంది' అనగానే అందరూ గప్‌చుప్ అయిపోతారు సార్. ఆటకు సంబంధం లేదని ఆ మాటలు మనమే రాతల్లోంచి కొట్టేశాం. వీళ్లంతా ఈ ఊరివాళ్లే. ఊళ్లో నెలరోజులుగా చుక్క వాన లేదు. మొగుడు ఇంటికొచ్చాడని చెబుతోంది సార్! మొన్న మైకు ఆపడం మరిచిపోయింది, దెబ్బలు వినపడ్డాయి."

"ఊరికే కంగారుపడకు. పొయ్యిమీద పాలు పొంగుతుంటే లేచి వెళ్లి ఉంటుంది."

తెర ఆయనవైపు తిప్పాను. మిగతా ముగ్గురూ ఆట మానేసి, కదలని ఆమె బొమ్మ చుట్టూ కాపలా నిలబడ్డారు.

"ఒక్క మాట మాట్లాడక్కా, నీకు దండం పెడతాను," హెడ్‌ఫోన్లో చిన్నమ్మాయి బతిమాలింది.

బొమ్మ కదిలింది.

"అదిగో, వచ్చేసింది," సార్ నవ్వారు.

ఎప్పుడూ గురి తప్పని ఆ బొమ్మ గోడకు గుద్దుకుంది. వెనక్కి తిరిగి, మళ్లీ గోడకే గుద్దుకుంది. ఏ మీట ఎందుకో తెలియని చేయి ఏదో దాన్ని నడుపుతోంది.

ముగ్గురూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు.

సార్ తాళంచెవి కోసం జేబులు తడుముకోసాగారు.