ధర్మవరం ఖాతా

“మళ్లీ స్విచ్చాఫే వస్తాండాదమ్మా,” అంటూ గోవిందరాజులు ఫోను బల్లమీద పెట్టేశాడు.

ఎదురుగా స్టూలుమీద కూర్చున్న అమృత తలూపింది. ఆమె ఒళ్లో మొగుడు తిమ్మప్ప ఆధార్ నకలు, ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నాయి.

హిందూపురం బస్టాండు దగ్గర గోవిందరాజులుది జిరాక్సులు తీసి, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే చిన్న అంగడి. తిమ్మప్ప పనిచేసే గార్మెంట్సు ఫ్యాక్టరీ మూతబడినప్పుడు అతని నిరుద్యోగ భృతికి అర్జీ పెట్టింది కూడా ఇక్కడే. పని పోయినవాళ్లకు మూడు నెలలకు సగం జీతం లెక్కన ఇచ్చే డబ్బు అది. పడిందో లేదో చూడాలంటే తిమ్మప్ప ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్పాలి. ఆ ఫోనేమో ఈ రెండు నెలల్లో ఎప్పుడు చేసినా మోగింది లేదు.

“ఇంతకీ ఆయప్ప యాడ పనిచేస్తాండాడు?”

“బెంగుళూరులో. సెక్యూరిటీ పని. డ్యూటీలో ఫోను పెట్టుకోనీరంట,” అంది అమృత, కంప్యూటరు వైపు చూస్తూ.

ఆమె ప్రతి శుక్రవారం వచ్చేది. అంగడికి వచ్చే మిగతావాళ్లు డబ్బు ఎప్పుడు పడుతుందని అడుగుతారు. అమృత మాత్రం ఆయన డబ్బు తీసుకున్నాడా లేదా, అదొక్కటి చెప్పమని అడిగేది. గోవిందరాజులుకు ఆమె బాధ అర్థమయ్యేది. ఇంట్లో సరుకులు నిండుకుంటే అక్కడ మొగుడు వచ్చింది వచ్చినట్టు తాగేస్తున్నాడేమో. ఆ మాటే ఇంట్లో అంటే, ఆయప్ప సంగతి మనకెందుకు, చేతనైతే ఆయమ్మ పని చేసిపెట్టమని భార్య సీతాదేవి మందలించింది.

పొద్దున్నే కంప్యూటరు వేసే ముందు స్వామి పటానికి దీపం పెట్టడం గోవిందరాజులుకు అలవాటు. ఆ సోమవారం దీపం పెట్టి చేతులు జోడించాడు. ‘ఒళ్లు వంచి బతికేవాళ్ల చేతిలో పని తీసేసుకుంటివి. ఇచ్చే నాలుగు రూకలకైనా దోవ ఇంత వంకరగా ఎందుకు పెట్టినావు స్వామీ?’ అని మనసులో అడిగాడు. తర్వాత అంగడి మూసి, కాగితాలన్నీ కట్టగట్టి, అమృతను వెంటబెట్టుకుని ఇ.ఎస్.ఐ. ఆఫీసుకు పోయాడు.

అక్కడి ఆఫీసరు ఓపికగానే చూశాడు. డబ్బు ఆరు నెలల కిందటే పడింది. అయితే ఇక్కడి బ్యాంకులో కాదు, ధర్మవరం ఖాతాలో. వయసులో ఉన్నప్పుడు తిమ్మప్ప ధర్మవరంలో పట్టు మగ్గం నేసేవాడు. అప్పుడు అక్కడి బ్యాంకులో ఆధార్ కలిపించుకున్నాడు, హిందూపురం వచ్చాక మార్పించుకోలేదు. ఆధార్ కలిసింది ఏ ఖాతాకైతే డబ్బు దానికే పోతుంది. పాత పాస్‌బుక్కు ఉంటే అక్కడ ప్రింటు తీయించుకోమని చెప్పాడు ఆఫీసరు.

“ఉండాది సార్, పెట్టెలో ఉండాది,” అంటూ అమృత అప్పుడే లేచి నిలబడింది.

మర్నాడు ఇద్దరూ రైలెక్కారు. పెనుకొండలో రైలు ఆగితే అమృత లేచి తలుపు దగ్గర నిలబడింది. ప్లాట్‌ఫారం మీద ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను, బెంచీల మీద పడుకున్నవాళ్లను కూడా చూసి, రైలు కదిలాక వచ్చి కూర్చుంది. ఎవరైనా రావాలా అని అడిగితే, గాలికి నిలబడ్డానంది.

“ఆ ఖాతా ఏటీఎం కార్డు ఎవురి దగ్గరుండాది?” అన్నాడు గోవిందరాజులు.

“ఆయన దగ్గరే.”

“ఇంకేముందమ్మా. ఆరు నెలలు. ఆయప్ప దాంట్లో రూపాయన్నా మిగిల్చింటాడా?”

“తీసుకోనీలేన్నా. కడుపుకు తినేదానికే కదా.”

గోవిందరాజులుకు సిగ్గేసింది. ఇంత ఓర్పు గల ఇల్లాలిని పెట్టుకుని ఆ మనిషి ఏం మనిషో అనుకుని, ధర్మవరం వచ్చేదాకా కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

బ్యాంకు వసారాలో పాస్‌బుక్కులు ప్రింటు చేసే మిషను ముందు నలుగురైదుగురు వరుసలో ఉన్నారు. తమ వంతు వచ్చేసరికి అమృత పుస్తకాన్ని తలకిందులుగా పెట్టబోయింది. గోవిందరాజులే తీసుకుని పెట్టాడు. మిషను గరగరమంటూ ఉంటే ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఆమె పెదవులు కదలడం చూసి, సగమన్నా మిగిలి ఉండేలా చూడమని ఆయన కూడా స్వామిని తలుచుకున్నాడు.

పుస్తకం బయటికి వచ్చింది. భృతి డబ్బు పడిన వరుస ఒకటి. దాని కింద బ్యాంకు వేసిన వడ్డీ రెండు వరుసలు. ఆ తర్వాత అంతా తెల్ల కాగితమే. గోవిందరాజులు అద్దాలు సర్దుకుని ఇంకోసారి చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

“అమ్మా, దేవుడుండాడు. పడిన దుడ్లు పడినట్టే ఉండాయి. ఆయప్పను ఊరికే తప్పుగా అనుకుంటిని.”

“బాగా చూడన్నా. ఐదునూర్లన్నా తీసింటాడు.”

“లేదమ్మా.”

“వందన్నా?”

గోవిందరాజులు నవ్వాడు. “వందా లేదు, పదీ లేదు. ఒక్క రూపాయి ముట్టుకోలేదమ్మా ఆ మహానుభావుడు.”

అమృత గోడను పట్టుకుని, అట్లే జారి కింద కూర్చుంది. వరుసలో ఉన్న ఒకామె నీళ్ల సీసా ఇస్తే అందుకోలేదు. ఆమె గొంతులోంచి వచ్చిన ఏడుపుకు బ్యాంకు లోపలివాళ్లు కూడా తిరిగి చూశారు. సంతోషంతో కొందరికి ఇట్లాగే అవుతుందనుకుని గోవిందరాజులు పక్కనే గొంతుకూర్చున్నాడు.

“అంతా నీకే మిగిలె కదమ్మా. ఇంక ఏడిసేదెందుకు?”

అమృత తలెత్తింది.

“ఆయన కనపడక ఏడు నెలలాయన్నా, ఈ దుడ్లు తిని బతుకుతాండాడనుకుంటి.”